సికింద్రాబాదు గడియార స్తంభపు తోట

పట్టణముల చరిత్రము వ్రాయబూనినవారు కోటలను, కొలువులను, యుద్ధములను, సంధులను గూర్చి విపులముగా వ్రాయుదురు. ఆ పట్టణమున పుట్టి పెరిగిన సామాన్యులు ప్రొద్దు గ్రుంకువేళ ఎచ్చట కూర్చుండెడివారు, వారి పిల్లలు ఎచ్చట ఆడుకొనెడివారు అను సంగతి వారి దృష్టికి అంతగా రాదు. మన సంఘ వార్షిక మహాసభ ఈ యేడు సికింద్రాబాదున జరుగుచున్నందున, స్థానిక చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయవలసినదని సంచికా సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. మన కుల పూర్వచరిత్రమును గూర్చి ప్రాజ్ఞులైన పెద్దలు ఇదే సంచికలో వ్రాయుచున్నారు. మేము మాత్రము కులముతో నిమిత్తము లేని యొక తోటను గూర్చి వ్రాయ నిశ్చయించితిమి. కుల మహాసభ సంచికలో అట్టి వ్యాసమేల యని చదువరులు అడుగవచ్చును. వ్యాసము ముగియునప్పటికి అది వారికే తేటపడగలదని మా విశ్వాసము.

సికింద్రాబాదు కోటగోడలు లేని పట్టణము. 1798లో నిజాము ప్రభుత్వమునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సైన్యసహకార సంధి ననుసరించి కంపెనీ సైన్యము హుస్సేను సాగరమునకు ఉత్తరమున విడిసెను. 1806లో ఆ విడిదికి నాటి నిజాము సికందర్ జా పేరిట సికింద్రాబాదు అను పేరు కలిగెను. సైన్యమున్నచోట దానికి ధాన్యము, బట్ట, గడ్డి, తోలు, పాలు, కూరగాయలు కావలెను గదా! అవి అమ్మవచ్చినవారు, కుట్టవచ్చినవారు, మోయవచ్చినవారు గుడారముల ప్రక్కనే గుడిసెలు వేసికొనిరి. గుడిసెలు ఇండ్లయ్యెను, ఇండ్లు బజారులయ్యెను. మదరాసు పటాలముల వెంట అరవవారు వచ్చిరి. మార్వాడీ, గుజరాతీ వర్తకులు వచ్చిరి. పారసీకులు, మహారాష్ట్రులు, ఆంగ్లో ఇండియనులు వచ్చిరి. చుట్టుపట్ల పల్లెలనుండి తెలుగువారు వచ్చిరి. మన కులమువారి ముత్తాతలును ఆ విధముగా పొట్ట చేతబట్టుకొని వచ్చినవారే. 1874లో వాడి నుండి ఇచ్చటికి రైలుమార్గము ఏర్పడిన పిమ్మట ఈ రాకపోకలు ఇంకను హెచ్చెను.

ఈ ఊరి మేలు కోరి ప్రజలు తమంతట తాము చేసికొన్న పనులును కలవు. 1862లో సోమసుందరం మొదలియారుగారు స్థాపించిన పాఠశాలయే పిమ్మట మహబూబు కళాశాల యని ప్రసిద్ధి గాంచెను. స్వామి వివేకానందులు అమెరికాకు పోవుటకు పూర్వము, 1893 ఫిబ్రవరి 13వ తేదీన, ఆ కళాశాలలోనే తమ పాశ్చాత్యదేశ యాత్రోద్దేశమును గూర్చి ఉపన్యసించిరి. అంతకు చాలకాలము మున్నే, 1813లో విషూచి వ్యాపించినప్పుడు, ఉజ్జయినిలోనున్న పటాలమున పనిచేయుచున్న సురిటి అప్పయ్యగారు అమ్మవారికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి, ఇచ్చట మహంకాళి అమ్మవారిని ప్రతిష్ఠించిరని స్థలచరిత్రము. కావున బడియు గుడియు మన ఊరికి ముందే అమరెను. సామాన్యులు ఊరక కూర్చుండుటకు తగిన చోటు మాత్రము కొరతగా నుండెను. సైనికుల కవాతునకు పరేడు మైదానము కలదు. ఆటలకు జింఖానా మైదానము కలదు. బజారు సందులలో ఒక్క గదిలో ఎనమండుగురు కాపురముండు కుటుంబమునకు ఇంటి ముందరి అరుగే మైదానము, వీధియే తోట.

ఈ కొరత తీరిన విధము ఇట్టిది. 1860లో బ్రిటిషు ప్రభుత్వము కంటోన్మెంటునకు 10 ఎకరముల భూమి నిచ్చెను. 1896లో ఆ భూమియందు రెండున్నర ఎకరముల మేర తోట వేయబడెను. ఆ తోటలో 120 అడుగుల ఎత్తున గడియార స్తంభము లేచెను. 1897 ఫిబ్రవరి 1వ తేదీన నాటి రెసిడెంటు సర్ ట్రెవర్ జాన్ చిచెలీ ప్లౌడెనుగారు దానిని ప్రారంభించిరి. స్తంభమునందలి గడియారమును దానమిచ్చినవారు దివాన్ బహదూరు సేఠు లక్ష్మీనారాయణ రాంగోపాలుగారను వర్తకులు. నేటి రాంగోపాల్‌పేట ఆ పేరుననే వెలసినది.

ఈ వివరములలో ఒక విశేషము గమనింపదగినది. స్తంభము నిలిపిన యుద్దేశము బ్రిటిషు అధికారుల అభివృద్ధిని కొనియాడుట. మన తాతలను సంతోషపెట్టుట ఆ కట్టడము యొక్క తలంపు కాదు. అయినను గడియారము మొగము ఎవరిని చూచి త్రిప్పుకొనును? దొరకు పది గంటలైనప్పుడు కూలివానికిని పది గంటలే. ఒకరి గౌరవార్థము కట్టినది అందరికిని అక్కరకు వచ్చెను. పాలకులు పోయిరి. తోట మిగిలెను.

చదువరులు ఆనాటి కాలమానపు సంగతి కొంత తెలిసికొనిన ఈ గడియారము విలువ స్పష్టమగును. 1897లో దేశమంతటికి ఒక్క కాలమానము లేదు. రైళ్లు మదరాసు కాలము ననుసరించి నడచెడివి. పలు పట్టణములు తమ తమ సూర్యోదయములను బట్టి గంటలు లెక్కించుకొనెడివి. నేడు మనము వాడు ప్రామాణిక కాలము 1906 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. చేతి గడియారము ధనవంతులకే చెల్లిన ఆ దినములలో బజారున నిలుచు గడియారము సామాన్యునకు గొప్ప యాధారము. అందుచేతనే జంట నగరములలో నాడు గడియార స్తంభములు పెక్కు వెలసెను. పాతబస్తీలో మహబూబు చౌకు స్తంభమును 1892లో సర్ ఆస్మాన్ జా కట్టించిరి. మొజంజాహి మార్కెట్టు గోపురము 1935 నాటిది. వీనిలో మన సికింద్రాబాదు స్తంభమునకు కల ప్రత్యేకత దాని చుట్టు తోట యుండుటయే. తక్కినచోట్ల మనుజుడు కాలము తెలిసికొని వడివడిగా సాగిపోవును. ఇచ్చట కాలము తెలిసికొని, ఇంకను వేళ యున్నదని, కూర్చుండును.

పట్టణమున ప్రజలందరికి చెందిన తోట యుండవలెనను తలంపు లోకమునకే అంత ప్రాచీనమైనది కాదు. పూర్వము తోటలు రాజులవి, నవాబులవి, జమీందారులవి. ఇంగ్లండులో డెర్బీ పట్టణమున 1840లో జోసెఫ్ స్ట్రటు అను మిల్లు యజమాని తన ఊరివారి కొక తోటను దానమిచ్చెను. 1847లో బర్కెన్‌హెడ్డు పట్టణమున ప్రజాధనముతో తోట తెరువబడెను. యంత్రశాలల పొగలో బ్రదుకు కూలివారికి గాలి కావలెనని ఆ దేశపు పెద్దలు గుర్తించిన కాలమది. మన దేశమున హైదరాబాదు నాంపల్లిలో 1846లో వెలసిన తోటకు బాగె ఆం అని పేరు. ఆం అనగా అందరిది. మదరాసులో పీపుల్సు పార్కు 1859లో ట్రెవెలియనుగారు గవర్నరుగా వచ్చిన పిమ్మట ఏర్పడెను. ఈ పరంపరలో మన రెండున్నర ఎకరములు మిక్కిలి చిన్నవి. చిన్నదైనను బజారునకు దగ్గరగా నుండుట దాని భాగ్యము. దూరముననున్న గొప్ప తోటకు పండుగనాడు పోవుదుము. దగ్గరనున్న చిన్న తోటకు ప్రతిదినము పోవుదుము.

తోట ప్రారంభమైన యేడే, 1897 ఆగస్టు 20వ తేదీన, ఇచ్చటికి అనతిదూరమున బేగంపేటలో రొనాల్డు రాసుగారు మలేరియా క్రిమిని దోమ కడుపున కనుగొనిరి. ఇరుకు సందులలో, నిలువ నీటి ప్రక్కన నివసించు బీదవారికి ఆ జ్వరము ఎంతటి శత్రువో మన పెద్దలకు పుస్తకములు చెప్పనక్కరలేదు. ఆరోగ్యమునకు మందుతోపాటు గాలియు వెలుతురును కావలెనను జ్ఞానము ఆ తరమువారికి కలుగుచున్న సంధికాలమది.

ఇక మా బాల్యపు సంగతి. మేము ఎరిగిన తోట 1950 తరువాతి దశాబ్దమునందలిది. జనరల్ బజారు సందులలో పెరిగిన మాకు అది పిల్లల నడకకు పావుగంట దారి. బడి విడిచిన పిమ్మట పలకసంచులు ఇంట పడవైచి, ఇంత అటుకులో మరమరాలో నోట వేసికొని, గుంపుగా బయలుదేరెడివారము. తోటలో ప్రవేశింపగనే మొదట చేయు పని తలయెత్తి గడియారమును చూచుట. దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరవలెనను కట్టడి అందరి ఇండ్లలోను ఉండెను. కావున ఎంతసేపు ఆడవచ్చునో ముందుగనే లెక్క కట్టుకొనెడివారము. మాలో పలువురు గంటలు నిమిషములు చదువ నేర్చినది బడిలో కాదు, ఆ స్తంభము క్రిందనే. పెద్దముల్లు చిన్నముల్లు తేడా తెలిసిన పిల్లవాడు తెలియనివానికి చెప్పెడివాడు. దానికి జీతము ఒక గోలీకాయ.

ఆటలు ఋతువులను బట్టి మారెడివి. వానకాలము వెలిసిన పిమ్మట బొంగరములు, చలికాలమున చిర్రగోనె, వేసవిలో నీడపట్టున గోలీలు. సంక్రాంతి సమీపించినచో గాలిపటములు. చిర్ర పూలమడిలో పడెనా, తోటమాలి కఱ్ఱ ఎత్తుకొని వచ్చెడివాడు. అతడు కొట్టిన దినము మాకు జ్ఞప్తిలో లేదు. ఎత్తిన కఱ్ఱ మాత్రము బాగుగ జ్ఞప్తియందున్నది. ఉదయము మేము బడికి పోవునప్పుడు నీళ్లు పోయుచు, సాయంకాలము మేము ఇండ్లకు మరలునప్పుడు రాలుటాకు లూడ్చుచు అతడు కానవచ్చెడివాడు. ప్రారంభోత్సవము చేసినవారి పేరు చరిత్రమున నిలిచినది. గడియారమిచ్చినవారి పేరు ఒక పేటకే నిలిచినది. ఆ పచ్చదనమును తరతరములుగా కాపాడిన మాలుల పేర్లు ఏ ఫలకమునను లేవు. ఈ సంచికలోనైనను వారికి మా నమస్కారములు.

తోట వాకిట వేరుసెనగ పల్లీలు, ఉప్పు బఠాణీలు, కారముప్పు చల్లిన జామకాయలు, పీచుమిఠాయి అమ్మెడివారు. మాకు అప్పుడప్పుడు చిక్కు అణా అచ్చటనే వెచ్చమగుచుండెను. ఆ కాలపు నాణెముల సంగతియు చరిత్రలో భాగమే. నిజాము రాజ్యమున హాలీ సిక్కా, కంటోన్మెంటున కల్దారు రూపాయ చెల్లుచుండెడివి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలని మా పెద్దలు వ్రేళ్లమీద మారకము కట్టెడివారు. మా కాలమునాటికి ఆ లెక్క కథగా మిగిలెను గాని, వేరొక లెక్క మాకు దాపురించెను. 1957 ఏప్రిల్ 1వ తేదీనుండి రూపాయకు నూరు నయాపైసలయ్యెను. అణాకు ఆరు నయాపైసలు. పదునారు ఆరులు తొంబదియారే గదా, తక్కిన నాలుగు ఎచ్చట పోయెనని మేము పల్లీలవానితో వాదించెడివారము. అతడు నవ్వి, ఆ నాలుగు పైసలకును బదులుగా నాలుగు గింజలు అదనముగా వేసెడివాడు. దశాంశ పద్ధతిని గూర్చి మాకు గల ప్రథమ జ్ఞానము ఆ విధముగ కలిగినది.

తోటలోని భాష ఏదియని ఎవరైన అడిగిన చెప్పుట కష్టము. ఇంటిలో తెలుగు, దుకాణములో ఉరుదూ, ప్రక్కింట అరవము, బడిలో కొంత ఇంగ్లీషు. ఇవన్నియు ఆ గడ్డిమీద ఒక్కటిగా కలసిపోయెడివి. పందెము వేయునప్పుడు ఉరుదూ, తగవులాడునప్పుడు తెలుగు, ఓడినవానిని వెక్కిరించునప్పుడు అరవము. అరవ బాలుడు తెలుగు పాటకు తాళము వేసెడివాడు. మేము వాని అమ్మమ్మను వాని భాషలోనే పాటి యని పిలిచెడివారము. మొహరము నాళ్లలో ఒకరు, ఆషాఢమున బోనాలనాడు మరియొకరు, క్రిస్మసు పండుగకు వేరొకరు ఆటకు రాకపోయెడివారు. మరునాడు వచ్చునప్పుడు వారి జేబులలో మాకును పాలుండెడిది.

ఇంతవరకు చెప్పినది మధురమైన భాగము. చరిత్రమని పేరుపెట్టి తీపియే వడ్డించుట న్యాయము కాదు. మేము పుట్టిన సందులో ఎవరింటి నీరు ఎవరు ముట్టవచ్చును, ఎవరి గడప ఎవరు దాటవచ్చును అను నియమములు పిల్లలకును తెలియును. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసెను గాని, సందులోనికి ఆ శాసనము నెమ్మదిగా నడచివచ్చెను. తోటలో ఆ నియమములు నిలువలేకపోయెను. చిర్రగోనెలో మా జట్టునకు నాయకుడైన బాలుడు వీధులూడ్చు కార్మికుని కొమారుడు. వాడు కొట్టిన చిర్ర ఎంత దూరము పోవునో కొలిచి కొలిచి మా కాళ్లు నొచ్చెడివి. జట్టులు పంచుకొనునప్పుడు వాడెవరి పిల్లవాడని అడిగినవారు లేరు. వాడు మా వైపా, ఎదుటి వైపా అని మాత్రమే అడిగిరి.

ఇల్లు చేరిన పిమ్మట ప్రశ్న మారెడిది. మా నాయనమ్మ గడపలో నిలుచుండి, "ఎవ్వరితోని ఆడినవ్ బిడ్డా?" అని అడిగెడిది. మేము పేర్లన్నియు చెప్పెడివారము. ఆమె కోపించెడిది కాదు. పెరటిలోనికి నడిపించి, కాగులోని నీళ్లు తలమీదుగా కుమ్మరించి, పిమ్మట అన్నము పెట్టెడిది. వేసవిలో ఆ స్నానము హాయి. చలికాలమున శిక్ష. ఏ స్నేహితునితో ఆడినందులకు ఆ నీళ్లో మాకు తెలియును. వానికి తెలియకుండుగాక యని మనసులో కోరుకొనెడివారము.

కొన్నియేండ్లకు నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు ముదిరి, సాయంకాలము మెల్లగా నడచుచుండవలెనని వైద్యుడు చెప్పెను. నడకకు మా సందులో చోటేది? ఆమెను తోటకు తోడ్కొనిపోవు పని మాకు వచ్చెను. మొదటి దినములలో ఆమె కొంగు సవరించుకొని, ఒక మూలనున్న సిమెంటు బల్లపై ఒంటరిగ కూర్చుండెడిది. మూడవ వారమునాటికి అదే బల్లపై అరవ పాటియు, బురఖా తొలగించి మోకాలు ఒత్తుకొను ఒక ముసలమ్మయు చేరిరి. మువ్వురికిని నొప్పి ఒక్కటే. నూనె ఏది మంచిదను చర్చతో మొదలై, కోడండ్ర సంగతుల వరకు సాగెను. ఒకనాడు నాయనమ్మ తన తమలపాకుల సంచి విప్పి ఇరువురికిని అందించుటయు, పాటి ఇచ్చిన వక్క తాను నోట వేసికొనుటయు మేము కన్నులార చూచితిమి. ఆ రాత్రినుండి మా తలలపై నీళ్లు కుమ్మరించుట నిలిచిపోయెను. ఏ ఉపన్యాసమును ఆమెను మార్చలేదు. ఎవరును ఆమెతో వాదింపలేదు. ముగ్గురు కూర్చుండదగిన బల్ల యొకటి అచ్చట నుండెను. అంతియే.

ఆడుపిల్లల సంగతియు దాచిపెట్టరాదు. మా అక్కచెల్లెండ్రు పదియేండ్లు నిండువరకు మాతో వచ్చి తొక్కుడుబిళ్ల, కచ్చకాయలు ఆడిరి. పిమ్మట వారిని పంపుట మానిరి. మగపిల్లలు పెద్దవారైనకొలది తోట విశాలమయ్యెను. ఆడుపిల్లలు పెద్దవారైనకొలది అది వారికి మూసికొనిపోయెను. అందరిదని పేరుగాంచిన చోటు నిజముగ అందరిదగుటకు ద్వారము తెరచియుంచుట మాత్రమే చాలదని, లోపలికి వచ్చువారికి అభయము కావలెనని, మాకు మా అక్క ముఖము చూచి తెలిసినది.

మేము ఎదుగుచుండగనే తోట యజమానులు మారుచుండిరి. కంటోన్మెంటు క్రింద నుండిన పౌరప్రాంతములు నిజాము ప్రభుత్వమునకు తిరిగివచ్చి 1945లో సికింద్రాబాదు పురపాలక సంఘ మేర్పడెను. 1950లో అది నగరపాలక సంస్థ యయ్యెను. 1960లో హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయ్యెను. 2007లో చుట్టుపట్ల పురపాలక సంఘములతో కలసి బృహన్నగర పాలక సంస్థ యయ్యెను. వీధుల పేర్లును మారెను. జేమ్సు స్ట్రీటు మహాత్మాగాంధి రోడ్డయ్యెను. కింగ్సువే రాష్ట్రపతి రోడ్డయ్యెను. ఆక్సుఫర్డు స్ట్రీటు సరోజినీదేవి రోడ్డయ్యెను. ఇన్ని మారినను గడియార స్తంభమునకు మాత్రము ఊరివారు వేరొక పేరు పెట్టలేదు. అది ఎవరి పేరిటను లేనందుననే కాబోలు, ఎవరును దానిని మార్చవలసిన యవసరము కలుగలేదు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమము చెలరేగినప్పుడు ఈ ఊరు మిక్కిలి తల్లడిల్లెను. తుపాకి కాల్పులలో యువకులు ప్రాణములు విడిచిరి. ఆ యమరుల స్మారక స్తూపము ఈ తోటలోనే నిలిచియున్నది. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రమేర్పడిన పిమ్మట ఆ స్తూపమునకు పూలమాలలు వేయువారు హెచ్చిరి. పాలకుల గౌరవార్థము వేసిన తోటలో పాలకుల నెదిరించి మడిసినవారి గుర్తు నిలుచుట చరిత్రము యొక్క విచిత్రగతి. ఊరు తన సంతోషమును, దుఃఖమును ఒక్కచోటనే దాచుకొన్నది.

కాలక్రమమున బండ్లు పెరిగెను, రోడ్లు చాలకపోయెను. 2003 ప్రాంతమున రోడ్డు విస్తరణకై ఈ స్తంభమును తొలగింపవలెనను ప్రతిపాదనయే వచ్చెను. అదృష్టవశమున అది నెరవేరలేదు. 2006 ప్రాంతమున తోటకు మరమ్మతులు జరిగెను. స్తంభము నేడును నిలిచియున్నది. అయినను చుట్టు నాలుగువైపుల వాహనముల ప్రవాహము సాగుచుండగా, పిల్లవాడు ఒంటరిగ రోడ్డు దాటి తోట చేరుట మా కాలమున ఉండినంత సులభము కాదు. తోట యున్నది. తోటకు పోవు దారి పోయినది. మన మనుమలు మనుమరాండ్రు బహుళ అంతస్తుల ఇండ్లలో, గాజు పలకలవంటి ఫోనులలో ఆటలాడుచున్నారని మనము నిందించుచున్నాము. వారికి మట్టి చూపకుండ మట్టిలో ఆడలేదని నిందించుట ధర్మమా?

ఇప్పుడు ఈ వ్యాసము కుల మహాసభ సంచికలో ఏల యను ప్రశ్నకు సమాధానము చెప్పెదము. మన సంఘ భవనము వెనుక కొంత ఖాళీస్థలము కలదని సభ్యులెల్లరు ఎరుగుదురు. అచ్చట అంగళ్లు కట్టించి అద్దె కిచ్చినచో బీదవిద్యార్థుల వేతనములకు శాశ్వతాదాయము కలుగునను సూచన ఈ మహాసభ ముందునకు రానున్నది. ఆ సూచన చేసినవారి సదుద్దేశమును మేము శంకింపము. మన కులపు బిడ్డలు చదువుకొనవలెను. దానికి ధనము కావలెను. అయినను రోడ్డువైపున అంగళ్లు కట్టి, వెనుక భాగమును పిల్లల ఆటస్థలముగా విడిచిపెట్టుట సాధ్యమేయని మా మనవి. నాలుగు వేపచెట్లు, రెండు కానుగచెట్లు, ఒక కుళాయి, నాలుగు బల్లలు, ఒక దీపము, ఒక మాలి జీతము. ఇంతకంటె హెచ్చు వ్యయము లేదు. ఆడుపిల్లలు నిర్భయముగా ఆడుటకు సాయంకాలము మన సంఘ స్త్రీలలో ఇరువురు వంతులవారీగ అచ్చట కూర్చుండిన చాలును.

ఒక్క షరతు మాత్రము మేము పట్టుబట్టి కోరుచున్నాము. ఆ స్థలము వాకిట మన కులము పేరు వ్రాయింపవచ్చును. దానమిచ్చినవారి పేరు చెక్కింపవచ్చును. లోపలికి వచ్చు పిల్లవానిని మాత్రము నీ కులమేదని అడుగరాదు. పేటలోని పిల్లలందరును రావలెను. సేఠు రాంగోపాలుగారు గడియారమిచ్చినప్పుడు తన వారికి మాత్రమే అది వేళ చెప్పవలెనని కోరియున్నచో, నేడు వారిని ఎవరు తలచుకొందురు? తన వారికి చేసినది బాధ్యత. అందరికి చేసినది కీర్తి. మన సంఘము వసతిగృహముల మూలమున, విద్యార్థి వేతనముల మూలమున బాధ్యతను చక్కగ నెరవేర్చుచునే యున్నది. ఇక కీర్తివైపు ఒక అడుగు వేయుట మన శక్తికి మించినది కాదు.

కులసంఘము లేర్పడిన మొదటి కాలమున వాని యాశయము మనవారు ఇతరులతో సమానముగ నిలువవలెననుట. సమానముగ నిలుచుటకు ఇతరులతో కలసి నిలుచు చోటు ఒకటి ఉండవలెను గదా! బడిలో బెంచీ కలదు. పనిలో కుర్చీ కలదు. కాని ఏ పనియు లేక, ఏ లాభమును కోరక, మనుజుడు మనుజుని ప్రక్కన కూర్చుండు చోటు తోట మాత్రమే. అట్టిది ఒకటి మన పెద్దల కాలమున దైవికముగ లభించెను. మన తరువాతివారికి అది దైవికముగ లభింపదు. మనము బుద్ధిపూర్వకముగ విడిచిపెట్టిననే లభించును.

ఈ విన్నపమును మహాసభవారు సావధానముగ ఆలోచించి, స్థల విషయమున తీర్మానము చేయునప్పుడు పిల్లల పక్షమునను ఒక్క మాట వినిపింప జేయుదురు గాక!